ల్యాబులో ఆడ వరస, మగ వరస

ఉదయగిరి నుంచి తొలి బస్సెక్కి ఆత్మకూరులోని ఇంజనీరింగ్ కాలేజీకి చేరిన షైనీ, ల్యాబు తలుపు తీస్తూనే ప్రార్థన చేసుకుంది. ఎనిమిది పాత కంప్యూటర్లను వైర్లతో కలిపి ఒకే యంత్రంలా పనిచేయించడం ఆమె ఫైనలియర్ ప్రాజెక్టు. అవి ఒకదానితో ఒకటి ఎంత వేగంగా మాట్లాడుకుంటాయో కొలిచి, మధ్యాహ్నం నెల్లూరు నుంచి వచ్చే ఎగ్జామినరుకు చూపాలి. వేగం చాలకపోతే ప్రాజెక్టు పోతుంది, దాని తోక పట్టుకుని డిగ్రీ కూడా.

ఎదురెదురు కంప్యూటర్లను ఒక్కో జతగా కొలిస్తే గుర్రాల్లా ఉరికాయి. అన్ని జతలనూ ఒకేసారి మాట్లాడించేసరికి వేగం పావు వంతుకు పడింది. సోమశిల డ్యాము గేట్లెత్తినట్టు దూకాల్సింది, ఎండాకాలపు పెన్నలా పాకింది.

"ఒక్కో జతనే చూపిద్దామ్మే. ఆయనకేం తెలస్తాది?" అన్నాడు ప్రాజెక్టులో తోడైన శాంతికుమార్.

"అన్నీ కలిపి నడపమంటే నీ మొహం చూపిస్తావా?"

"నా మొహం చూస్తే సగం మార్కులు అక్కడికక్కడే వేసేస్తాడు."

"ఉన్నయ్యి కూడా తీసేస్తాడు. కూర్చోరా."

షైనీ జతలు మార్చింది. ల్యాబులో ఆడపిల్లలు కూర్చునే వరసలోని కంప్యూటర్లను వాటిలో వాటికే కలిపితే పూర్తి వేగం. మగపిల్లల వరసా అంతే. ఈ వరసంతా ఆ వరసతో ఒకేసారి మాట్లాడితేనే తంటా.

ఆమె బల్ల కిందికి దూరింది. చర్చిలో ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క కూర్చునే పద్ధతే ల్యాబులోనూ ఉంది. వైర్లు కలిపేటప్పుడు వీళ్లూ ఆలోచించకుండా అదే పాటించారు: ఆడ వరస వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్చు పెట్టె ఒకటి, మగ వరసకు ఇంకొకటి, రెంటి నడుమ ఒకే ఒక్క వైరు. అందరి మాటలూ ఆ సందులోంచే దూరాలి.

"పాస్టరు గారన్నా పెండ్లినాడు కలుపుతాడురా. మనం అదీ చెయ్యలా."

ఆడ వరస స్విచ్చులో ఖాళీ పోర్టులు కావలసినన్ని. మగ వరస వైర్లన్నీ పీకి అందులోనే గుచ్చింది. వైర్లు అందకపోతే శాంతికుమార్ కంప్యూటర్లనే ఇవతలికి మోశాడు, ఒక్కోటీ ఉదయగిరి దుర్గమంత బరువని ఒట్టేస్తూ. మళ్లీ కొలిస్తే, అందరూ ఒకేసారి మాట్లాడినా ఎవరి వేగం వాళ్లకు దక్కింది.

ఎగ్జామినరు వచ్చి అన్నీ కలిపే నడపమన్నాడు. అంకెలు చూసి, "మొదట్నించీ ఇట్లే ఉండిందా?" అని అడిగాడు.

"లేదు సార్. పొద్దున దాకా ఆడోళ్లు, మగోళ్లు వేరేగా ఉండారు."

ఆయన నవ్వాపుకోలేక కళ్లజోడు తీశాడు. "ఆ పాత కొలతలు కూడా రిపోర్టులో పెట్టమ్మా," అని సంతకం చేశాడు.

ఆయన మెట్లు దిగాక షైనీకి ఊరంత ఆకలి పుట్టింది. బల్ల మీదున్న క్యారియర్ విప్పి తినసాగింది.

"అది నా క్యారియర్‌మే."

"అంత బరువు మోసినోడికి ఇదేం సరిపోతాదిరా," అంటూ ఆఖరి ముద్ద కూడా నోట్లో పెట్టుకుంది.