ఖర్చులతో సహా

కోర్టు వారెంటు పట్టుకుని అమీనా వచ్చేసరికి మా బావ ధనకోటి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. పొదటూరుపేట నేతవీథిలో అప్పుడే ఎండ పొడుస్తోంది. అమీనా వెంట ఒక కోర్టు బంట్రోతు కూడా ఉన్నాడు.

"ధనకోటీ, వారెంటు ఉండాది. లేయప్పా."

బావ లేవలేదు. బంట్రోతు రెక్క పట్టుకుని ఆయన్ని గుంతలోంచి పైకి లాగాడు. చేతిలోని నాడె, పేక పోగు తోసేది, జారి కింద పడింది. మా అక్క వరదమ్మ పరుగెత్తుకొచ్చి అమీనా కాళ్ళకు అడ్డం పడింది.

"నన్నూ తీసకపో సామీ! ఆయనొక్కడే ఏం చేసినాడు?"

"ఆడదాన్ని డబ్బు బాకీకి పట్టకపోయేదానికి చట్టం లేదమ్మా. పక్కకి జరుగు."

ఆయన దొంగతనం చేశాడా? ఎవడి తలైనా పగలగొట్టాడా? లేదు. కోర్టుకు పోయి న్యాయం అడిగాడు, అదే ఆయన చేసిన నేరం. ఆవడి ఫ్యాక్టరీలో నాతోపాటు మిషన్ల దగ్గర నిలబడే అన్నలారా, లా కాలేజీ నుంచి వచ్చిన తమ్ముళ్ళారా, ఇది నా కళ్ళతో చూసిన సంగతి. కాస్త వినండి.

మా నేతవీథి చివర పొడుగాటి బయలు ఉంది. పడుగును ఆ కొస నుంచి ఈ కొస దాకా పరిచి, గంజి పెట్టి, ఎండ ముదరకముందే ఇరుపక్కలా నిలబడి కుంచెలతో దువ్వాలి. ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదది. ఇవాళ నీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు నువ్వు. తాతల నాటి నుంచి అంతే. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు శివప్రకాశం ఆ బయలు కొన్నానని కాగితం చూపించి, గోదాముకని నడిమధ్య గోడ లేపాడు. వీథిలో దాదాపు అందరికీ నూలిచ్చే షావుకారు ఆయనే. ఎదురు మాట్లాడితే మర్నాడు నూలు రాదు.

అందుకే మావాళ్ళొక తెలివి చేశారు. ధనకోటి సొసైటీ నూలు నేస్తాడు, షావుకారు ఆయన్నేం చేయగలడు? కాబట్టి గోడ మీద వేసే దావాకు సంతకం ఆయన పెట్టాలి. వీథి అందరి తరఫునా ఒక్కడు దావా వేయొచ్చని వకీలు కూడా అన్నాడు. "నేనుండాను గదా, పోనీండి" అని బావ పెట్టేశాడు.

సాక్ష్యం రోజు వచ్చింది. తాతల నాటి సంగతి చెప్పడానికి వస్తామన్న వాళ్ళలో ఒక్కడూ తిరుత్తణి కోర్టుకు బస్సు ఎక్కలేదు. ఒకడికి కడుపునొప్పి, ఒకడికి ఊళ్ళో చావు. షావుకారు చేతిలో కాగితం ఉంది, మా బావ చేతిలో కుంచె పట్టి కాసిన కాయలు తప్ప ఏమీ లేవు. దావా ఖర్చులతో సహా కొట్టేశారు.

ఖర్చులంటే ఏమిటో తెలుసా? ఓడినవాడు గెలిచినవాడి వకీలు ఫీజు, స్టాంపులు, సాక్షుల బత్తా కూడా నెత్తిన వేసుకోవాలి. ఎవరి ఖర్చులు వారివే అని రాసే అధికారం జడ్జికి ఉంది. మా వకీలు అదే వేడుకున్నాడు. అవతలి వకీలు లేచి, "ఖర్చులు వేయకుంటే రేపు దారిన పోయే ప్రతివాడూ కోర్టుకొస్తాడు" అన్నాడు. విన్నారా? పేదవాడు కోర్టు గడప ఎక్కకుండా వేసే కంచె అది! దావా వీథిది, లాభం వీథిది, ఖర్చు మాత్రం సంతకం పెట్టిన ఒక్కడిది.

బావ తిరువళ్ళూరు పై కోర్టులో అప్పీలు వేశాడు. అప్పీలు మానుకుంటే ఖర్చులు వదిలేస్తానని షావుకారు కబురంపాడు. బావ మానుకోలేదు. ఖర్చుల బాకీకి మగ్గాన్ని, అది పనిముట్టు కాబట్టి, జప్తు చేయకూడదట. అందుకని షావుకారు మనిషినే పట్టించాడు. ధనకోటి చేతిలో డబ్బుండి కూడా ఎగ్గొడుతున్నాడని ప్రమాణం చేశాడు. కోర్టులో "కట్టలేవా?" అని అడిగితే మా మొండి బావ "కట్టను" అన్నాడు. ఆ మాటే వాళ్ళకు చాలింది, వారెంటు రాశారు.

బావను పట్టుకుపోయిన రోజు సాయంత్రం కస్తూరమ్మ వాకిట్లో వీథి వీథంతా చేరింది. కస్తూరమ్మ మొగుడు పోయిన మనిషి. మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతుకుతుంది, నోరు మాత్రం ఎవరికీ అప్పగించదు.

"అప్పీలు ఇడిచిపెట్టమని చెప్పు వరదమ్మా," అన్నాడు నటరాజు. షావుకారు నూలు నేసేవాడు. "బయలు పోతే పోనీ. మనిషి కావాల గదా."

"నాకూ మనిషే కావాల అన్నా," అని అక్క ఏడ్చింది.

కస్తూరమ్మ లేచింది. "సాక్షి చెప్పమంటే ఆ పొద్దు యాడికి పోయినావు నటరాజా? కడుపునొప్పంటివే! తగ్గిందా?"

"నూలు ఆపేస్తే నా పిల్లోళ్ళకి నువ్వు పెడతావా కూడు?"

"పెట్టలేను. నాకే గతి లేదు. అయినా అడగతా."

నేను ఆవడి సమ్మె కబుర్లు మొదలుపెట్టాను. "నువ్వు సెలవైపోతే రైలెక్కి పోతావు. కూసో తమ్ముడూ," అంది కస్తూరమ్మ. కూర్చున్నాను.

"పొద్దున అమీనా ఏమన్నాడు? ఆడదాన్ని పట్టకపోయేదానికి లేదన్నాడా లేదా? అట్లయితే అప్పీల్లో మన పేర్లు కలపమందాం, ఆడోళ్ళవి. ధనకోటన్న లోపల అలిసిపోయినా కేసు నిలబడతాది. ఓడితే ఖర్చులు మన మీద ఏసుకోనీ. నా ఇంట్లో ఉండేది నేనూ, ఒక మేకా. మేకని తోలకపోనీ!"

"నూలు ఆపుతాడు మే," అన్నాడు నటరాజు. ఈసారి మెల్లగా అన్నాడు.

"ఆపుతాడు. ఒక్కింటికి ఆపితే ఆ ఇల్లు చస్తాది. వీథికంతా ఆపితే ఆయప్ప అంగట్లోకి చీర యాడనుంచి వస్తాది?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొందరు పిల్లల్ని చంకనేసుకుని మెల్లగా జారుకున్నారు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే వాళ్ళ పొయ్యి సంగతి నాకు తెలుసు. మిగిలినవాళ్ళు పొద్దున తిరువళ్ళూరు పోదామని అనుకున్నారు.

తెల్లవారి బస్సు దగ్గరికి శివప్రకాశమే వచ్చాడు. నేరుగా అక్క ముందు నిలబడ్డాడు.

"నువ్వు నాకు కూతురు లెక్క వరదమ్మా. ఈ కస్తూరమ్మ మాట ఇని మొగుణ్ణి లోపలే మాగబెడతావా? ఈ బస్సు ఇడిచిపెట్టి నాతో తిరుత్తణి జైలుకి రా. అప్పీలు వద్దని ధనకోటికి ఒక్క మాట చెప్పు. సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు."

ముందురోజు నుంచి ఆమె గుక్కెడు గంజి కూడా తాగలేదు. ఒక్క మాటంటే బావ ఇంటికొస్తాడు. ఆడవాళ్ళంతా ఆమె మొహం కేసే చూస్తున్నారు. టీకొట్టు దగ్గర నటరాజు గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. అక్క ఒప్పుకుంటుందనే నేను భయపడ్డాను.

"ఖర్చులు అడగవా సామీ?" అంది.

"దేవుడిమీద ఒట్టు. పైసా అడగను."

"మేము అడగతాం." అక్క గొంతు పెరిగింది. "ఆయన్ని గుంతలోంచి గుంజినందుకు, మా బయల్లో గోడ లేపినందుకు, గెలిచినాక ఖర్చులన్నీ మేము అడగతాం. దారి ఇడువు, బస్సు పోతాది!"

షావుకారు పక్కకు జరగలేదు. అక్క ఆయన భుజాన్ని తోసుకునే బస్సెక్కింది. వెనకే కస్తూరమ్మ, ఆమె వెనక మిగతా ఆడవాళ్ళు. నటరాజు గ్లాసు బల్లమీద పెట్టి, "మగోళ్ళ పేర్లు కూడా రాస్తారా మే?" అని అడుగుతూ ఆఖరి మెట్టు మీద కాలు పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే షావుకారు నూలంగడి మూసేశాడు. వీథిలో మగ్గాలు ఆడడం లేదు, పొయ్యిలు సగం వెలగడం లేదు. బావ ఇంకా లోపలే ఉన్నాడు. మా ఆడవాళ్ళ పేర్లు కలపమన్న అర్జీకి వచ్చే సోమవారం తిరువళ్ళూరులో వాయిదా. షావుకారు వైపు నుంచి వకీళ్ళు, గుమాస్తాలు, కార్లు వస్తాయి. మావైపు నుంచి పస్తులున్న ఆడవాళ్ళు వస్తారు. ఆవడిలో రైలెక్కితే తిరువళ్ళూరు ఎంత దూరం? చెప్పండి, మీలో ఎవరెవరు వస్తున్నారు?