వెన్నువేయని పైరు

హేమంతప్రభాతవేళ సాగరతీరపు కొండవాలున మంచుతెర మెల్లమెల్లగ దొలగుచుండ తుషారకణమౌక్తికాలంకృతంబై యొప్పారు గోల్ఫు మైదానంబున బంతి పడవలసిన తొమ్మిదవ గుంట చుట్టును దట్టముగ నెదిగిన పచ్చికను జూచి సింహాద్రప్పడు మేను పొంగి నిలిచియుండెను. ముప్పదియేండ్లు వరి పండించి కౌలుభూమి చేజారగా నిచ్చట పచ్చిక కాపరిగ గుదిరిన వృద్ధకర్షకుడాతడు.

రసాయనపుటెరువుల యుప్పుచేత మాడి బోడితలవలె నున్న యా పచ్చికను పోటీల దినమునాటికి బ్రతికింపనిచో కొలువు మానవలసినదేయని క్లబ్బు కార్యదర్శిని వసుధారాణి నెల క్రిందట ఖండితముగ బలికియుండెను. అంతట నాతడు కోతయంత్రమును దరిజేరనీయక మాగిన పశువులపెంటయు వానపాముల యెరువును వేపపిండియు పిడికెడు చాలునన్నచోట తట్టెడు జల్లి పసిబిడ్డకు గోరుముద్దలిడినట్లు పోషించెను. గోరంత మించరాని పచ్చిక వ్రేలెడెత్తు లేచెను. ఔరా! ఇట్టి పైరు గన్న రైతునకు వేఱు స్వర్గమేల?

అంతలో వసుధారాణి యేతెంచి బంతిని పచ్చికపై నుంచి కఱ్ఱతో మెల్లన దట్టెను. నాలుగు బారలు దొరలవలసిన బంతి రెండు జానలు పోయి గడ్డిలో జిక్కుకొనెను. ఆమె మొగము వెలవెలబోయెను.

"ఎంత పని చేసితివి తాతా! మధ్యాహ్నమునకే యాటగాండ్రు వచ్చెదరు గదా!"

"చచ్చినదానిని బ్రతికించితిని గదమ్మా! ఎదుగుటయు నేరమేనా?"

"బ్రతికించితివి, కాదనను. తక్షణమే కోయుము. వడ్లగింజ యెత్తునకు మించరాదు."

ఆతనికి తల దిరిగిపోయెను. ఎండిననాడు తిట్టిరి, పండిననాడును తిట్టుచున్నారు, ఇదేమి సేద్యమురా దేవుడా! వెన్నువేయని పైరును గోయుట యాతని వంశముననే యెఱుగని పాపము. కోయకున్న కూడు పోవును. కోసిన కడుపు కోతయే. తుదకు కన్నీరు గ్రుక్కుకొని యంత్రము ద్రోసెను.

రెండు తడవలు కోసినంతనే బంతి జఱ్ఱున దొరలి గుంటలో బడెను. వసుధారాణి పొంగిపోయెను.

"వేరు గట్టిగ నున్నది తాతా! నీ కొలువునకిక భయములేదు. రేపటినుండి నిత్యము నిట్లే కోయుము."

"నిత్యమా! మఱి పంట యెన్నడమ్మా?"

"పంట యేమున్నది తాతా? కోయుటకే పెంచుట."

సింహాద్రప్పడు కోసిన గడ్డిని తట్టకెత్తి యెరువుగుంటలో బోసి లోనికి దొంగిచూచెను. గడ్డి యెరువగును. ఎరువు గడ్డియగును. ఆ గడ్డి మరల గోయబడి యెరువగును. నడుమ దినువారెవ్వరో యా కర్షకునకు మాత్రము తెలియరాలేదు.