కదలని దారం

“పెరట్లోనే స్నానం చేసి, ఆ తర్వాత వంటింట్లోకి రా,” అంది అత్తయ్య తలుపు సందులోంచి. మ్యూజియంలో పొద్దుటినుంచి గొళ్ళేలూ గాజుపెట్టెలూ తుడిచి వచ్చాను. రోగం నా ఒంటికే అంటుకుంటుంది గాని నేను వండే కూరకు అంటుకోదు కాబోలు.

ఆ రోగం భయంతోనే మూసిన మ్యూజియాన్ని ఆరు నెలల తర్వాత రేపు తెరుస్తున్నారు. మనిషికీ మనిషికీ దూరం ఉండేలా నేలమీద గీతలు గీసింది నేనే. గదులన్నీ చూసి, గాలి ఆడుతోందని కాగితం మీద సంతకం పెట్టాల్సిందీ నేనే. ఒక్క పాత చిత్రపటాల గది దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. చెమ్మకు రంగులు పాడవుతాయని, మూసేటప్పుడు పెద్దసారు ఆ గది గాలిగొట్టానికి అట్ట బిగించి మైనం పూయించారు. అప్పుడు నిచ్చెన పట్టుకున్నది నేను. కిటికీలు లేని గది అది. ఇవాళ కుట్టుపెట్టెలోని దారప్పోగు తీసుకెళ్ళి గొట్టం జాలీకి కట్టాను. లోపల ఫ్యాను హోరుమంటోంది. దారం మాత్రం కదల్లేదు.

“మోత వస్తోందిగా, గాలీ వస్తుంది. సంతకం పెట్టమ్మా,” అన్నారు పెద్దసారు.

“అట్ట తీయిద్దాం సార్.”

“పటాలు పాడైతే మళ్ళీ ఎవరు గీస్తారు?”

ఆయన మాట్లాడినంతసేపూ గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆ గదిలో రోజంతా కుర్చీ వేసుకుని కూర్చోవాల్సిన కాపలా అమ్మాయికి ఏడో నెల. “నువ్వు చూశావుగా అక్కా, ఇంక నాకేం భయం లేదు,” అని నవ్వింది.

భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను. “ఊళ్ళోవాళ్ళ ఊపిరి కూడా నీ నెత్తినేనా? ఉద్యోగం పోతే ఏం చేస్తావు? పెట్టి పారెయ్. పెళ్ళైనప్పటినుంచీ నేను చూపించిన చోటల్లా పెట్టావుగా, ఎప్పుడైనా ఇంత ఆలోచించావా?” అన్నాడు. నిజమే. బ్యాంకు కాగితాలు, అమ్మ నాకిచ్చిన స్థలం కాగితాలు, వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టాను. ఒక్కటీ చదవలేదు. ఎంత తెలివితక్కువదాన్ని.

పొద్దున్నే వెళ్ళి చూశాను. దారం అలాగే వేలాడుతోంది. గేటు బయట అప్పటికే జనం, పిల్లల్ని ఎత్తుకుని. కాపలా అమ్మాయి కుర్చీ మోసుకుని వస్తోంది. “అక్కడే ఆగు,” అని గదికి తాళం వేశాను.

పెద్దసారు చెయ్యి చాపారు. “ముందు కాగితం, తర్వాత తాళం చెవి.”

‘గాలి ఆడుతోంది’ అని అచ్చువేసిన మాట కొట్టేసి, ‘ఆడటం లేదు, గొట్టం మూసి ఉంది’ అని రాసి కాగితం ఇచ్చాను. తాళం చెవి ఇవ్వలేదు.

“ఎక్కడ పెట్టావు సంతకం?” అన్నారు, కాగితం తిప్పి చూస్తూ.

“నేను రాసిన దాని కింద సార్.”