ఉయ్యాల్లో ఉప్పు

పొద్దున్నే చేపల పొట్టలు చీల్చి, ఉప్పు కూరి, తొట్టిలో పేర్చడం అచ్చాయమ్మ పని. ఈమధ్య ఆవిడ ఉప్పు బస్తా కొనడం మానేసింది. మనవడు చింటూ పుట్టిన దగ్గర్నుంచీ చీర ఉయ్యాల్లోనే ఉప్పు పడుతోంది మరి. తెల్లగా, గరుకుగా, దోసెళ్లకొద్దీ! అంతర్వేది పక్కన ఆ చేపలవాళ్ల పేటలో దానికెవరూ నోరెళ్లబెట్టలేదు. ఉప్పంటే లక్ష్మి, పారబోయకూడదు కదా. ఇరుగుపొరుగు కూడా పచ్చళ్లకని గిన్నెలు పట్టుకొచ్చారు.

"భలే ఉప్పు అచ్చాయమ్మా! కొట్లోది దీని ముందు దిగదుడుపే," అంది పక్కింటి చిట్టెమ్మ.

పిల్లాడు మాత్రం చిక్కి సగమయ్యాడు. తాగిన పాలు తాగినట్టే కక్కేస్తున్నాడు. ఏడవడానికీ ఓపిక లేదు.

"అమ్మా, మొదటివాడు పోయాడు. వీడూ నాకు దక్కడేమోనే," అంది కూతురు ఉషారాణి.

"ఛీ, అవేం మాటలే! దిష్టి తగిలిందంతే." అచ్చాయమ్మ ఉయ్యాల్లోంచి గుప్పెడు ఉప్పు తీసి, వాడి చుట్టూ తిప్పి, తీసుకెళ్లి కాలవలో పడేసింది.

ఆ సాయంత్రం చింటూ కళ్లు తేలేశాడు. ఉషారాణి ఉయ్యాల చీరతో సహా వాణ్ణి చుట్టుకుని ఆటో ఎక్కింది. అచ్చాయమ్మ చేతులైనా కడుక్కోకుండా తనూ ఎక్కింది.

అమలాపురంలో పిల్లల డాక్టరు సాయిప్రసన్న ఆ చీర దులిపింది. బల్ల మీద జలజలా ఉప్పు రాలింది. ఇంకేం అడగలేదు. సెలైన్ పెట్టించి, రక్తం తీయించింది.

రిపోర్టులొచ్చాక చెప్పింది. "కిడ్నీల మీద చిన్న గ్రంథులుంటాయమ్మా. ఒంట్లో ఉప్పు నిలబడాలంటే అవి హార్మోన్ తయారుచెయ్యాలి. బాబుకి పుట్టుకతోనే జన్యువులో లోపం ఉంది, అది తయారవట్లేదు. మేనరికమా?"

"మా తమ్ముడు పల్లంరాజుకే ఇచ్చానండి దీన్ని."

"తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ పాడైన జన్యువులే వచ్చాయి. జన్మంతా మాత్రలు వెయ్యాలి. మానకుండా వేస్తే చక్కగా పెరుగుతాడు. ఇప్పుడైతే పాలల్లో రోజూ కొంచెం ఉప్పు కలపాలి, ఎంతో నేను చెప్తాను."

మందు పడ్డాక పక్కమీద ఉప్పు రాలడం ఆగింది. చింటూ వార్డంతా అదిరేలా ఏడ్చాడు. అచ్చాయమ్మ సంతోషం పట్టలేక వాణ్ణి ఒళ్లో వేసుకుని కూచుంది.

డాక్టరు మళ్లీ వచ్చింది. "ముందు పోయిన పిల్లాడికి కూడా ఉప్పు పడేదామ్మా?"

"బోలెడండి," అంది అచ్చాయమ్మ. "ఆ ఏడాది చేపలన్నీ దాంతోనే..."

ఉషారాణి మంచం దిగొచ్చి, పిల్లాణ్ణి తల్లి ఒళ్లోంచి తీసేసుకుంది.