పూతలపట్టు రోడ్డుమీద ఎనిమిది సిలిండర్లు

బానెట్ ఎత్తి లోపలికి చూసిన గంగాధరం చేతిలోని స్పానర్ కింద పెట్టేశాడు.

చిత్తూరులో ఇరవై రెండేళ్లుగా లారీలూ అంబాసిడర్లూ విప్పి బిగించిన చేతులు అతనివి. షెడ్డు బయట నిలబడి ఇంజన్ చప్పుడు విని, లోపల ఏ వాల్వు తేడా చేసిందో చెప్పేస్తాడని పేరు. అలాంటి మనిషి ఇప్పుడు కార్బురేటర్ కోసం వెతుకుతున్నాడు. పైన లేదు. పక్కన లేదు. కింద పడుకుని టార్చిలైటు వేసి చూసినా లేదు. గాలినీ పెట్రోలునూ కలిపే ఆ డబ్బా లేకుండా బండి ఎట్లా నడుస్తుంది? గుండెకాయ లేని మనిషికి నాడి చూడమన్నట్టుంది అతని పరిస్థితి.

"ఏందప్పా, అట్ల బిగుసుకపోయినావు?" అన్నాడు బాలసుబ్రమణ్యం మొదలియార్.

ఆయనకు ఊళ్లో బెల్లం మండీ ఉంది. మద్రాసులో ఎవరో జర్మనీ దొర వదిలేసి పోయిన ఈ బండిని వేలంలో పాడుకుని లారీమీద తెచ్చాడు. అది 1979 ఎండాకాలం. బండిలో రెండే సీట్లు. పైకప్పు గుడ్డది, మడిచి సీట్ల వెనక దాచేయవచ్చు. ఇంతమంది పిల్లల్ని పెట్టుకుని రెండు సీట్ల బండి ఎందుకని భార్య పంకజాక్షి అడిగితే, "మనిద్దరమే శనివారం తిరుపతికి పోదాం" అన్నాడట. మద్రాసులో మూడేళ్లు మూలపడి ఉన్న బండి మాత్రం కదలనంది.

"సామీ, ఇది నేను ఎరిగిన ఇంజన్ కాదు," అన్నాడు గంగాధరం. "మన అంబాసిడర్‌కు నాలుగు సిలిండర్లు, వరసగా నిలబడుంటాయి. దీనికి ఎనిమిది. ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు." రెండు చేతులూ దోసిలిలా విప్పి చూపించాడు. "ఇట్ల వాలి ఉండాయి. రెండువందల గుర్రాల బలమని బండితో వచ్చిన ఈ పుస్తకంలో రాసుండాది. అంబాసిడర్‌ది యాభై."

"నీవల్ల అవుతాదా, కాదా?"

కాదని చెప్పడం గంగాధరానికి చేతకాలేదు.

రెండు రోజులు వేరే పని ముట్టుకోలేదు. ఇంజన్ దగ్గర మొదలుపెట్టి పెట్రోలు పైపుల వెంట వేలు పెట్టుకుంటూ పోయాడు. ఎనిమిది సిలిండర్లకూ ఎనిమిది సన్నటి ముక్కులున్నాయి. కార్బురేటర్ బదులు పెట్రోలును పిచికారీ కొట్టేది అవే. ఆ పైపులన్నీ ఒక్కటై బండి పొట్ట కిందుగా వెనక్కి పోయి, టాంకు పక్కన ఒక కరెంటు పంపు దగ్గర ఆగాయి. పంపు బిగుసుకుపోయి ఉంది. దాన్ని విప్పి, కిరసనాయిలులో కడిగి, మళ్లీ బిగించి తాళం తిప్పాడు.

ఇంజన్ అందుకుంది. అరుపు లేదు, కుదుపు లేదు. పక్కింటి కుట్టుమిషను చప్పుడే దానికంటే పెద్దగా వినిపించింది. గంగాధరానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు పొద్దున్నే మొదలియార్‌ను పక్కన కూర్చోబెట్టుకుని తిరుపతి రోడ్డు పట్టాడు. గుడ్డ టాపు మడిచేశారు. క్లచ్ లేదు, గేరు దానంతటదే మారుతోంది. ముందున్న మీటర్ల మధ్య ఒక చిన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. హ్యాండ్‌బ్రేకు దీపమై ఉంటుంది, వైరు ఎక్కడో తగులుతున్నట్టుంది, సాయంత్రం చూద్దాంలే అనుకున్నాడు.

"ఎంత పోతాదో చూడప్పా," అన్నాడు మొదలియార్.

కాణిపాకం క్రాస్ దాటాక రోడ్డు ఖాళీగా కనిపించింది. గంగాధరం కాలు కొంచెం నొక్కాడు. వీపు సీటుకు అతుక్కుపోయింది. చింతచెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అరవైలో ఉన్నామనుకుంటూ ముల్లు చూశాడు. నూట నలభై.

కాలు తీస్తుండగానే పూతలపట్టు ముందరి మలుపు అవతల, నెత్తిన పెద్ద ఆకుమోపుతో ఒక ముసలామె రోడ్డు దాటుతూ కనిపించింది. వెనక తాడు, తాడుకు ఒక మేక. మోపు చెవులదాకా దిగి ఉంది. ఆమె ఇటు చూడలేదు.

హారను ఎక్కడుందో అతనికి తోచలేదు. బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. బండి ముక్కు నేలకు వంగింది, వేగం తగ్గింది. అంతలోనే ముందు ఎక్కడో టప్‌మని చప్పుడైంది, పెడలు అరికాలి కింద కుంగిపోయింది. గంగాధరం ప్రాణం దాంతోపాటే కుంగింది. అయిపోయింది, ముసలామె అయిపోయింది అనుకున్నాడు. కుంగిన పెడలు నేలకు తాకేముందు ఆగింది. వెనక చక్రాలు కీచుమని అరుస్తూ బండిని పట్టి లాగాయి.

బండి నిలబడేసరికి బంపరుకూ మేకకూ నడుమ మూరెడు చోటుంది.

ముసలామె మోపు దించి వెనక్కి తిరిగింది. "కండ్లు యాడ పెట్టుకోని వస్తాండావురా? మేక బెదిరిపోయె సూడు!" అని తిట్టి, మోపు ఎత్తుకుని పక్క దారిన పడి వెళ్లిపోయింది.

మొదలియార్ పగలబడి నవ్వాడు. "అబ్బా, ఏం బ్రేకులప్పా! అతికించినట్టు నిలబడె!"

గంగాధరం దిగి ముందుకు వెళ్లాడు. ఎడమ చక్రం లోపల నూనె కారుతోంది. వేలితో తాకి వాసన చూశాడు. బ్రేకు నూనె. రబ్బరు గొట్టం నిలువునా చీలిపోయి ఉంది. బానెట్ ఎత్తి నూనె డబ్బా చూశాడు. అందులో రెండు అరలు. వెనక చక్రాల అర నిండుగా ఉంది. ముందు చక్రాలది ఒట్టిపోయింది, అడుగున మడ్డి ఎండి పాత చారలు కట్టి ఉంది. అంటే ఆ గొట్టం కారడం ఈరోజు మొదలైంది కాదు. ఎర్ర దీపం చెప్పింది ఆ సంగతే.

"సామీ, బ్రేకు గొట్టం తెగిపోయినాది."

మొదలియార్ నవ్వు ఆగింది. "మరి ఎట్ల నిలబడినాది?"

"దీనికి ముందు చక్రాలకొక దారి, వెనక చక్రాలకొక దారి. ఒకటి తెగినా ఇంకొకటి పట్టుకుంటాది. మన అంబాసిడర్‌కు అన్నిటికీ ఒకే దారి. అదే అయ్యుంటే..." నూనె అంటిన వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "దీపం ఎలుగుతానే ఉన్నింది సామీ. నేను సూసినాను. సాయంత్రం సూద్దాములే అనుకున్నాను. రెండు దినాలు ఇంజన్ ముందర కూసున్నానే గాని, బ్రేకు డబ్బా మూత తియ్యలేదు."

మొదలియార్ రోడ్డు పక్క మోరీగట్టు మీద కూలబడ్డాడు. "ఎంత పోతాదో చూడమనింది నేనే కదప్పా," అన్నాడు నేల చూస్తూ.

దారిన పోతున్న ఎద్దులబండి ఒకటి ఆపి, మోకు కట్టి, ఆ కారును చిత్తూరుదాకా లాగించుకొచ్చారు.

గొట్టం మద్రాసులో దొరకలేదు, బొంబాయికి రాశారు. ఈలోపు మొదలియార్ దంపతులు శనివారం బస్సెక్కి తిరుపతి పోయి వచ్చారు. గంగాధరానికి మాత్రం అన్నం సహించడం లేదు. ముద్ద కలుపుతుంటే అరికాలి కింద పెడలు కుంగినట్టే ఉంటోంది. ఏమైందని భార్య మునిరత్నమ్మ నిలదీస్తే చెప్పాడు.

"ఆయమ్మకు తెలుసునా?" అని అడిగింది ఆమె.

"తెల్దు. మేక బెదిరిందని తిట్టిపోయింది, అంతే."

"మరి నువ్వు పోయి చెప్పాల గదా?"

ఆదివారం మధ్యాహ్నం పూతలపట్టులో బస్సు దిగి వాకబు చేసుకుంటూ వెళ్లాడు. ఆమె పేరు తాయమ్మ. ఇంటి ముందు చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. గంగాధరం చేతులు కట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. దీపం సంగతి కూడా దాచలేదు.

తాయమ్మ చేతిలోని పండు చాపమీద పడిపోయింది. "అట్లయితే నేను ఆ పొద్దు సచ్చిపోవాల్సిందేనంటావు," అంది. "మేక మీదికి వస్తాండాదనుకుంటి. నా మీదికే వస్తాండాదని అనుకోలేదే." కిందపడిన పండును చాప అంచుకు నెట్టింది. "తెలీకుంటే నా పాటికి నేనుండేదాన్ని గదప్పా. ఎందుకొచ్చి చెప్పినావు?"

"సెప్పకుంటే ఇంకోతూరి కూడా సాయంత్రం సూద్దాములే అంటానేమో అని బయమేసింది, అమ్మా."

తాయమ్మ తిట్టలేదు, పోనీలే అనీ అనలేదు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, అతనికి ఇవ్వకుండా తానే గటగటా సగం తాగి, మిగిలినవి అతని ముందు పెట్టింది.

"తాగి పో," అంది. "నాకింక ఆ రోడ్డు దాటాలంటే కాళ్లు రావు."

గంగాధరం నీళ్లు తాగాడు. తర్వాత ఇంటి ముందు కట్టేసి ఉన్న ఆమె మేక తాడు విప్పి తానే పట్టుకుని, రోడ్డుకు ఇటూ అటూ రెండుసార్లు చూసి, దాన్ని అవతలి గట్టుమీది మేతకు దాటించి వచ్చి, బస్సు కోసం నిలబడ్డాడు.