నా చెయ్యి ఉంది

కిషోర్‌బాబు పొగరు దించాలని నెల రోజులుగా కాచుకుని ఉన్నాను.

అతను నందిగామలో జిమ్నాస్టిక్స్ కోచ్. మా సూసన్‌కి తొమ్మిదేళ్లు. అరచేయంత వెడల్పున్న బీమ్ మీద వెనక్కి పల్టీ వేస్తూ పడింది, గడ్డం చిట్లింది. నేను రక్తం తుడుస్తుంటే తల్లిదండ్రులందరి ముందూ అన్నాడు: "ఇంత పిరికిపిల్లకి పోటీలెందుకమ్మా? మీలాగే కుట్టుమిషన్ నేర్పించుకోండి."

జగ్గయ్యపేటలో ఎంతమంది పెళ్లి జాకెట్లు కుట్టానో నాకే గుర్తులేదు. ఆ మిషన్ని అంతమాట అంటాడా? ఒళ్లు మండిపోయింది. జిల్లా పోటీల్లో నా కూతురు గెలవాలి, ఆ పతకం అతనే దాని మెడలో వెయ్యాలి. అప్పటిదాకా నాకు మనశ్శాంతి లేదనుకున్నాను.

సూసన్ మాత్రం నందిగామ బస్సెక్కితే చిల్లకల్లు దాటేసరికి మాట్లాడ్డం మానేసేది. పోటీలకి పేర్లు ఇవ్వాల్సిన రోజు కూడా అంతే, కిటికీకి అతుక్కుపోయి కూర్చుంది.

"వెళ్తావా, మానేస్తావా? నువ్వే చెప్పమ్మా," అన్నాను. ఊరుకోలేక, "మానేస్తే మాత్రం ఆయన నవ్వుతాడు," అని కూడా అన్నాను.

"పడతానని కాదమ్మా భయం. సారు 'నా చెయ్యి ఉంది, వెయ్యి' అంటారు. సగంలో తీసేస్తారు. అట్లా తీస్తేనే భయం పోతుందంట."

నందిగామలో దిగేసరికి ఏం చెయ్యాలో నిశ్చయించుకున్నాను.

హాల్లో అందరూ చేరాక కిషోర్‌బాబు దగ్గరికి వెళ్లాను. "సార్, చేతులు కట్టుకుని ఒక్కసారి వెనక్కి వాలండి. నేను పట్టుకుంటా."

"ఎందుకండీ?"

"భయమా సార్?"

చుట్టూ అంతమంది ఉంటే భయమని ఎలా అంటాడు? పిల్లలు దూకే పరుపు ముందు నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూశాడు. మళ్లీ చూశాడు.

"చూడకండి. నా చెయ్యి ఉంది."

వాలాడు. తీసేశాను.

దబ్బుమని పడ్డాడు. చేతులకి రాసుకునే తెల్లపొడి పరుపులోంచి గుప్పుమని లేచింది. జనం పగలబడి నవ్వారు.

"భయం పోయిందా సార్?" అన్నాను. కసి తీరింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అదే ఊపులో సూసన్‌ని పిలిచాను. "ఎక్కు తల్లీ. ఈసారి నేను పక్కనే నుంచుంటా. నేను పట్టుకుంటా."

అది నవ్వలేదు. నా చేతులకేసి చూసింది.

"నువ్వూ తీసేశావుగా అమ్మా."

"ఆయనకి తీశానే! నీకు తీస్తానా?"

"ఆయనకీ చెయ్యి ఉందన్నావుగా."

నడుం పట్టుకుని లేస్తున్న కిషోర్‌బాబు దగ్గరికి సూసన్ వెళ్లింది. "సార్, నా పేరు ఇవ్వకండి. నేనింక రాను." అతను నవ్వలేదు.

పతకం, దాన్ని వేసే అతని చెయ్యి, అన్నీ అక్కడే పోయాయి. గట్టిగా ఒక్కమాట అంటే అది ఒప్పుకునేదే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"సరే, నీ ఇష్టం," అన్నాను.

బస్సు కోసం రోడ్డు దాటాలి. లారీలు ఆగకుండా పోతున్నాయి. అలవాటుగా చెయ్యి చాచాను.

సూసన్ అటూ ఇటూ చూసుకుని, తనంతట తనే దాటింది.