వెళ్లి చూసినవాళ్లు

శుక్రవారం ఉదయం ఆరున్నరకు గుడివాడలోని ఒక బాలికల హాస్టల్ నుంచి ప్రెయిసీ అనే పదేళ్ల అమ్మాయి ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. ఆ సమయానికి పాలవాడి కోసం గేటు తీసి ఉంది.

ప్రెయిసీ ఐదో తరగతి చదువుతోంది. వాళ్లది హంసలదీవి దగ్గర చేపలు పట్టేవాళ్ల పల్లె. తండ్రి బాలస్వామికి సొంత పడవ ఉంది. తల్లి కృపావతి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తారు. అన్న ఎలీషా అవనిగడ్డలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు.

ఆ వారం బంగాళాఖాతంలో వాయుగుండం ఉంది. బందరు రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. దివిసీమలో కాలేజీలకు సెలవిచ్చారు. వాన పడింది. చాలా పల్లెల్లో కరెంటు పోయింది. వరద మాత్రం రాలేదు.

గురువారం సాయంత్రం హాస్టల్ వంటమనిషి ఫోనుకు ఒక వీడియో వచ్చింది. నిడివి పదిహేను సెకన్లు. అందులో ఒక చర్చి, దాని శిలువ దాకా నీళ్లు. చర్చి గోడకు కట్టిన నీలం పడవ ఒకటి పక్కకు ఒరిగి ఊగుతోంది. కింద ‘హంసలదీవి, ఇప్పుడే’ అని రాసి ఉంది.

“ఏమే ప్రెయిసీ, ఇది మీ ఊరు కాదూ?” అని వంటమనిషి ఆ పిల్లను పిలిచి చూపించారు.

చర్చి వాళ్ల పల్లెది. పడవ వాళ్ల నాన్నది. ప్రెయిసీ ఆ వీడియోను మూడుసార్లు చూసి, అమ్మకు ఫోన్ చేయమని అడిగింది. కృపావతి ఫోను స్విచ్చాఫ్ అని వచ్చింది. బాలస్వామిదీ అంతే. “అక్కడ కరెంటు లేదు కదమ్మా, ఛార్జింగ్ అయిపోయుంటుంది. పడుకో, పొద్దున్నే మళ్లీ చేద్దాం” అని వార్డెన్ చెప్పారు. పొద్దున వార్డెన్ లేచేసరికి ఆ పిల్ల బస్సులో ఉంది.

గుడివాడ నుంచి అవనిగడ్డకు బందరు వెళ్లకుండా దగ్గర దారి ఉంది. ప్రెయిసీకి అది తెలియదు. బందరులో మేనత్త ఉండటంతో బాలస్వామి కూతుర్ని ఎప్పుడూ బందరు మీదుగానే తీసుకొచ్చేవారు. అందుకని ఆమె బందరు బస్సెక్కింది. ఆడవాళ్లకు టికెట్ లేని బస్సు కావడంతో డబ్బుల అవసరం రాలేదు. ఎవరితో వచ్చావని కండక్టర్ అడిగితే పక్క సీట్లో ఉన్నావిడను చూపించింది.

బందరు బస్టాండులో ఆవిడ దిగి వెనక్కి చూడకుండా నడిచారు.

“ఏమండీ, మీ పాపని వదిలేసి పోతున్నారు!” అని కండక్టర్ కేకేశారు.

“నా పాపేంటయ్యా? నాకున్నది ఇద్దరూ మగపిల్లలే” అన్నారావిడ.

కండక్టర్ ప్రెయిసీని బస్టాండు పక్కనున్న పోలీసు అవుట్‌పోస్టులో అప్పగించి డ్యూటీకి వెళ్లిపోయారు.

అక్కడ మాధవీలత అనే కానిస్టేబుల్ ఉన్నారు. ఆమె మొదట ఇడ్లీ తెప్పించారు. ప్రెయిసీ తింటూ పేరు, హాస్టల్, వీడియో సంగతి చెప్పింది. మాధవీలత హాస్టల్‌కు ఫోన్ చేశారు. తర్వాత ఇంట్లోవాళ్ల నంబర్లు వరసగా చేస్తే ఎలీషా ఫోను కలిసింది. సెలవుకు ఇంటికొచ్చిన అతను దాన్ని జనరేటర్ ఉన్న కొట్టులో ఛార్జింగ్ పెట్టుకున్నాడు. అమ్మకు ఇవ్వమని చెప్పి మాధవీలత వీడియో కాల్ చేశారు.

కృపావతి తెర మీద కనపడ్డారు. ఇంటి ముందు నిలబడి ఏడుస్తున్నారు.

“చూడు, మీ అమ్మ. మాట్లాడు” అని మాధవీలత ఫోను ముందుకు చాపారు.

ప్రెయిసీ చూసింది. ఫోను తీసుకోలేదు.

“మీ అమ్మేగా?”

“అమ్మలాగే ఉందండి.”

“లాగే ఉండటమేంటే?”

“నిన్న అమ్మ ఫోనూ నాన్న ఫోనూ కలవలేదు. ఇవాళ ఎట్టా కలిసిందండి? మా అమ్మ ఫోన్లో ఏడవదు. తిడుతుంది.”

ఆ మాట అవతలికి వినపడింది. కృపావతి కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. “ఏమే! చదువుకోమని పంపితే బస్సులెక్కి ఊళ్లు తిరుగుతున్నావా? ఇంటికి రా, వీపు చీరేస్తాను!”

అక్కడే ఉన్న ఇంకో కానిస్టేబుల్ నవ్వారు. “ఇంకేం, అమ్మే.”

“అమ్మ తిట్టినట్టే ఉందండి” అంది ప్రెయిసీ. “మా అన్నయ్య ఫోన్లో ఎవరిచేతైనా తిట్టిస్తాడు.”

దసరా సెలవుల్లో ఎలీషా గోడ మీద ఉన్న తాతయ్య ఫొటో తీసి ఒక యాప్‌లో పెట్టాడు. తాతయ్య పోయి నాలుగేళ్లయింది. ఫోన్లో ఆయన కళ్లార్పి, “ప్రెయిసీ, బాగా చదువుకోవే” అన్నారు. చుట్టుపక్కలవాళ్లంతా వచ్చి చూశారు. నాయనమ్మ ఫోను బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయారు. మర్నాడు ఎలీషా చెల్లెలి ఫొటోతో ఇంకోటి చేశాడు. అందులో ప్రెయిసీ పాలకాయతిప్ప బీచ్ ఇసుకలో డాన్సు చేసింది. హాస్టల్ పిల్లలు దాన్ని చూసి, మళ్లీ చేసి చూపించమని వారం రోజులు అడిగారు. ఆమెకు డాన్సు రాదు.

మాధవీలత కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. “ఇన్ని తెలిసినదానివి, ఆ వరద వీడియో ఎట్టా నమ్మావ్ మరి?”

“నమ్మలేదండి.”

“నమ్మకపోతే ఎందుకు బయల్దేరావ్?”

“అందులో పడవకి తాడు వెనకవైపు కట్టి ఉంది. మా నాన్న ఎప్పుడూ ముందువైపు కడతాడు. అబద్ధమే అనుకున్నా. మళ్లీ, నీళ్లొచ్చినప్పుడు నాన్న లేకపోతే వేరేవాళ్లెవరైనా కట్టారేమో అనుకున్నా. ఫోన్ కలవలేదు. అందుకని చూసొద్దామని.”

“ఒక్కదానివే?”

“ఉప్పెనప్పుడు కూడా వెళ్లి చూసినోళ్లే వచ్చి చెప్పారంట కదండీ. మా నాయనమ్మ చెప్పింది.”

1977 ఉప్పెన నాటికి నాయనమ్మకు పదేళ్లు. ఇద్దరు అన్నలు ఆమెకు మళ్లీ కనపడలేదు.

మాధవీలత ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. “అమ్మా, ఇట్టా కుదరదు. మీరే ఇక్కడికి రావాలి” అన్నారు.

కృపావతి, ఎలీషా రెండు బస్సులు మారి ఒంటిగంటకు బందరు చేరారు. అప్పటిదాకా ప్రెయిసీ బెంచీ మీద కూర్చుంది. మధ్యలో ఎవరో సెల్‌ఫోన్లో కార్టూన్ పెట్టి ఇస్తే వద్దంది.

తల్లి లోపలికి రాగానే ఆ పిల్ల పరిగెత్తలేదు. లేచి నిలబడింది. కృపావతి దగ్గరికి వచ్చాక ఆమె కుడిచెయ్యి పట్టుకుని వాసన చూసింది. రొయ్యల తలలు తీసే చేతులకు ఆ వాసన సబ్బుతో పోదు. ఆ తర్వాత ఆ చెయ్యి వదల్లేదు.

“పిచ్చిదానా” అన్నారు కృపావతి. ఇంటికొస్తే వీపు చీరేస్తానన్న సంగతి మళ్లీ ఎత్తలేదు.

“నాన్న?”

“పడవ దగ్గర.”

“నువ్వు చూశావా, అన్నయ్య చెప్పాడా?”

“చూశానే. పొద్దున జావ పోసిచ్చే వచ్చాను.”

మాధవీలత కాగితం మీద సంతకం పెట్టించుకుంటూ, ఆ వీడియో ఎవరు పెట్టారో తెలిసిందా అని అడిగారు.

“ఏ దరిద్రుడు పెట్టాడో తెలియదండి. వాడి చేతులిరగ” అన్నారు కృపావతి.

ఎలీషా నేల చూపులు చూస్తున్నాడు. “నేనే అమ్మా” అన్నాడు.

కిందటి క్రిస్మస్‌కు తీసిన చర్చి ఫొటో, పడవ ఫొటో యాప్‌కు ఇచ్చి, నీళ్లు రావాలని టైపు చేశానని మాధవీలతకు చెప్పాడు. “ఊరికే పెట్టానక్కా. మా క్లాసోడు వాళ్ల ఊరిది పెడితే పదివేల మంది చూశారు.” అతని వీడియోను పదకొండు వేల మంది చూశారు. గురువారం రాత్రి తీసేశాడు. అప్పటికే అది వేరేవాళ్ల ఫోన్లలోకి వెళ్లిపోయింది. శుక్రవారం పొద్దున ‘అది నిజం కాదు’ అని ఇంకోటి పెట్టాడు. దాన్ని నలభై మంది చూశారు.

కృపావతి చేతిలోని సంచితో కొడుకును రెండు దెబ్బలు కొట్టారు. మాధవీలత ఆపలేదు. మూడోది కొట్టబోతుంటే మాత్రం, “ఇక చాల్లెండి, స్టేషన్లో వద్దు” అన్నారు.

సాయంత్రం ఐదింటికి ముగ్గురూ ఊరు చేరారు. చర్చి ముందు బురద ఉంది. గోడ మీద నీటి మరక లేదు. ప్రెయిసీ ఇంటికి వెళ్లకుండా కాలవ గట్టుకు వెళ్లింది. పడవలో చేరిన వాననీళ్లను బాలస్వామి డబ్బాతో తోడుతున్నారు.

“నేను మునిగిపోయానంటగా?” అన్నారు కూతుర్ని చూసి.

“అవును నాన్నా. పదకొండు వేల మంది చూశారు.”

బాలస్వామి డబ్బా పక్కన పెట్టి గట్టెక్కారు. ప్రెయిసీ ఆయన్ని దాటుకుని పడవ ముందుకొసకు వెళ్లి, తాడు పట్టుకుని గుంజ దాకా నడిచింది. తాడు ముందువైపే కట్టి ఉంది. అప్పుడు గట్టు మీద కూర్చుని ఏడ్చింది. అవుట్‌పోస్టులో గాని, బస్సుల్లో గాని ఆ పిల్ల ఏడవలేదని కృపావతి తర్వాత చెప్పారు. బాలస్వామి తడిచేతులు లుంగీకి తుడుచుకుని పక్కన కూర్చున్నారు.

కాసేపటికి ఎలీషా ఫోను తీశాడు. “పడవ పక్కన నిలబడవే. ఫొటో తీసి పెడతా. ఏమీ కాలేదని అందరికీ తెలుస్తుంది.”

“వద్దు” అంది ప్రెయిసీ.

“నీ హాస్టల్ వాళ్లకైనా?”

“నేను చెప్తాలే.”

శనివారం ఉదయం ప్రమాద సూచిక దించేశారు. పల్లెకు కరెంటు వచ్చింది. ఆదివారం చర్చి అయ్యాక బాలస్వామి కూతుర్ని తీసుకుని బయల్దేరి, బందరు మీదుగా గుడివాడలో దింపారు. మళ్లీ చెప్పకుండా వెళ్తే సీటు తీసేయవచ్చని వార్డెన్ ఆయన చేత రాయించుకున్నారు. గేటుకు ఆ రోజే కొత్త తాళం వేశారు.

భోజనాల దగ్గర పిల్లలు ప్రెయిసీ చుట్టూ చేరారు. చర్చి ఉందని, పడవ ఉందని, అమ్మానాన్న బాగున్నారని, నీళ్లు అసలు రాలేదని ఆమె చెప్పింది.

“ఫొటో ఏదీ?” అని ఒకమ్మాయి అడిగింది.

“తీయలేదు. వెళ్లి చూశాను.”

ప్రెయిసీ ఉండే గదిలో ఇంకో పన్నెండు మంది పిల్లలు ఉంటారు. వాళ్లలో ఇద్దరు నమ్మారని, మిగతావాళ్లు నమ్మలేదని వార్డెన్ చెప్పారు.